తడి గరిటె

మాది పోచంపల్లి. ముందు గదిలో మగ్గం, దాని వెనక వంటగది, ఆ వెనక రేకుల కింద రంగుల కొట్టం. ఇల్లంటే అంతే. ఆ కొట్టానికీ పక్కింటికీ ఒకటే గోడ. పక్కింట్లో పరుపులు కుట్టే భాయ్ ఉంటాడు, ఆయన గోడకు ఆనించి దూది నింపి పెట్టుకుంటాడు. ఇటు మా నూలు, అటు ఆయన దూది. నా పెనిమిటి ఉన్నన్నాళ్లూ ఆ గోడను చూసి భయపడేవాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఆయన పోయాడు. దమ్ము పట్టి పోయాడు. చిన్నప్పటి నుంచి రంగుల ఆవిరి పీల్చిన మనిషి.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తున్నది. నడుమ నడుమ కలం ఆపి, ఇది వద్దు అత్తమ్మా అంటుంది. రాయమంటాను. నేను ఆమెకు చేసిన పని ఒకటి ఇందులో చెప్పాల్సి ఉన్నది. అది ఆమె చేత్తో రాస్తేనే నిజమని నమ్ముతారు.

మా పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. మేం నేశాక రంగు వెయ్యం, నూలుకే ముందు రంగు వేసి తర్వాత నేస్తాం. పువ్వు ఎక్కడ రావాలో అక్కడ నూలును రబ్బరు ముక్కలతో బిగించి కడతాం. కట్టిన చోట రంగు ఎక్కదు, మిగతా చోట ఎక్కుతుంది. నీలం వెయ్యాలంటే గంగాళంలో నీళ్లు కాచి, రంగూ సోడా కలిపి, ఆఖరున ఒక తెల్లటి పొడి వెయ్యాలి. హైడ్రోస్ అంటాం దాన్ని. ముక్కుకు పొడుచుకునే వాసన. అది పడగానే నీలం నీళ్లు పచ్చగా తిరుగుతాయి. అందులో ముంచిన నూలు పైకి తీస్తే పచ్చగానే వస్తుంది. గాలి తగిలిన కొద్దీ కళ్ల ముందే నీలమైపోతుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నానో, ఇప్పటికీ ఆ మారే కాసేపు చెయ్యి ఆగిపోతుంది నాకు.

నా పెనిమిటికి ఆ గంగాళమంటే దేవుడు. దండం పెట్టనిదే పొయ్యి వెలిగించడు. శుక్రవారం కొట్టం గడపకు రెండు పక్కలా నిమ్మకాయ బద్దలు. మంగళవారం కొత్త రంగు కలపడు. నెలసరికి బయట ఉన్న ఆడదాన్ని లోపలికి రానియ్యడు. మొగుడు పోయిన ఆడదాన్నైతే ఎన్నడూ రానియ్యడు. ఆమె కన్ను పడితే రంగు విరుగుతుంది, నూలు మీద మచ్చలు లేస్తాయి అనేవాడు. మా వాడలో రంగు వేసే ప్రతి ఇంట్లో ఆ మాటే. ఇక ఆ తెల్ల పొడి డబ్బా దగ్గర మరీ పట్టింపు. ఇటుకలు పేర్చి, పలక వేసి, దాని మీద డబ్బా. మూత మీద బండ. పొడి తియ్యడానికి మేకుకు వేలాడే కొబ్బరి చిప్ప ఒకటి, దాన్ని ఇంకో పనికి ముట్టుకోవద్దు. చెయ్యి పెట్టే ముందు తువ్వాలతో రెండు చేతులూ తుడుచుకునేవాడు, గుడిలోకి పోయేవాడి లాగా.

పెళ్లయిన కొత్తలో ఆ చిప్ప మురికిగా కనబడి తోమి కడిగాను. తడిదాన్నే తెచ్చి మేకుకు తగిలించాను. ఆయన చూసి ఆ రోజు అన్నం ముట్టలేదు. నన్ను తిట్టిన తిట్లు వాడంతా విన్నది. ఎందుకయ్యా, కడిగితే తప్పేంది అని అడిగితే ఒకటే మాట అన్నాడు.

"అది గంతే. మా నాయిన గట్లనే జేసిండు."

ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. చెప్పి ఉంటే నాకూ చెప్పేవాడేమో. నిమ్మకాయ, మంగళవారం, కొబ్బరి చిప్ప, అన్నీ ఒకే గంపలో వేశాను నేను. మగవాళ్ల పట్టింపులు అనుకున్నాను.

ఆయన పోయాక ఇల్లు ఆగింది. కొడుకు మగ్గం మీద చెయ్యి తిరిగినవాడే కానీ రంగు నీళ్లు వాడికి పడవు. చేతులు పొక్కిపోతాయి. నూలుకు బయట రంగు వేయించుకుందామంటే వాళ్ల పని అయ్యాకే మనది, వారాలు మగ్గం ఖాళీగా ఉండేది. కొలతలు నాకు తెలుసు. ఆయన పక్కన ఏళ్ల తరబడి నీళ్లు మోసిందాన్ని, పొయ్యి ఎగదోసిందాన్ని. ఒకనాడు చీర కుచ్చిళ్లు ఎగదోపి గంగాళం ముందు కూర్చున్నాను.

మా ఎదురింట్లో కూడా రంగులే వేస్తారు. ఆ ఇంటి ఇల్లాలు నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. కొట్టం తడిక సందులోంచి తొంగి చూసి, "నీ చేతికి నీలం పలుకుతదా అక్కా, తెల్లబోతదా" అన్నది. నూలు ముంచాను. తీశాను. పచ్చగా వచ్చింది. గాలికి పట్టాను. మెల్లగా నీలమైంది, ఆయన చేతికి ఎట్లా అయ్యేదో అట్లాగే. ఒక్క మచ్చ లేదు. ఆ నూలును కావాలని వీధి వైపు దండెం మీద ఆరేశాను, ఎదురింటికి కనబడేటట్టు.

ఆ రోజు నుంచి నాకు ధైర్యం కాదు, పొగరు వచ్చింది. నా గురించి చెప్పింది అబద్ధమైనప్పుడు మిగతావన్నీ అబద్ధాలే కదా అనుకున్నాను. నిమ్మకాయలు మానేశాను. మంగళవారాలూ కలిపాను. ఇటుకలు కాళ్లకు తగులుతున్నాయని తీసేసి డబ్బాను నేల మీదికి దించాను. కొబ్బరి చిప్పను ఒకనాడు పొయ్యిలో పెట్టాను, బాగా మండింది. ఆయన చెప్పినవాటిలో ఒకటి అబద్ధమైనంత మాత్రాన పక్కది నిజం కాకుండా పోదని నాకు తోచలేదు.

ఇట్లా చాలా ఏళ్లు గడిచాయి. కొడుకు పెళ్లయింది. కోడలిది చౌటుప్పల్. పదో తరగతి చదివింది. రబ్బరు కట్టడం మూడు నెలల్లో నేర్చింది. చెవుల్లో తీగలు పెట్టుకుని వాళ్ల అమ్మతో మాట్లాడుతూనే కడుతుంది, వేలు తప్పదు. సెల్లు ఛార్జింగు కొట్టం గుమ్మం పక్కన ఉన్న బోర్డుకు పెట్టేది. అక్కడొక్కచోటే ఖాళీ ప్లగ్గు ఉండేది.

అది శ్రావణం. మూడేళ్లవుతుంది. పెళ్లిళ్ల పని ఎక్కువ, ముసురు పట్టి నూలు ఆరడం లేదు. పొద్దున్నే నీలం కలిపాను. తిప్పుతున్నాను తిప్పుతున్నాను, నీళ్లు పచ్చగా తిరగవు. పొడి తక్కువైంది. ఎప్పుడూ స్టీలు గ్లాసుతో తీసేదాన్ని, ఆ రోజు గ్లాసు కనబడలేదు. వెతికే ఓపిక లేదు. చేతిలో తిప్పే గరిటె ఉన్నదిగా. దులిపి దాన్నే డబ్బాలో పెట్టాను. పొడి వేశాను. చాలలేదు. మళ్లీ పెట్టాను. ఈసారి దులిపానో లేదో కూడా గుర్తు లేదు. తర్వాత వాన చెమ్మ తగలకూడదని మూత గట్టిగా బిగించాను. చూడండి నా తెలివి.

నూలును కొట్టంలోనే వెదురు బొంగుల మీద ఆరేసి ముందు గదిలోకి వచ్చి నూలు చుట్టుకుంటూ కూర్చున్నాను. కొడుకు మాకు నూలిచ్చి చీరలు తీసుకునే షావుకారు దగ్గరికి పోయాడు. కోడలు వంట చేస్తున్నది. పగలు అన్నాల వేళకు నాకు అగ్గిపుల్ల గీసినట్టు వాసన తగిలింది. కోడలిని అడిగాను, పొయ్యి వెలిగించినవా అని. ఎప్పుడో వెలిగించిన అత్తమ్మా అన్నది. వాసన ఆగలేదు. లేచి కొట్టంలోకి పోయాను.

డబ్బా మూత అంచు నుంచి పొగ వస్తున్నది. ఇది నేను చూసింది. బాగా గుర్తుపెట్టుకోండి, ముందు పొగ డబ్బాలోంచే వచ్చింది. కట్టెతో మూత ఎగదోశాను. లోపల మంట లేదు. పొడి మధ్యలో కుతకుతమంటున్నది, గంజి ఉడికినట్టు. కళ్లు మండిపోయాయి. పొగను చూస్తే ఆడది ఏం చేస్తుంది? చెంబెడు నీళ్లు తీసి పోశాను.

అప్పుడు లేచింది మంట. పోసిన నీళ్లకు ఆరిపోవాల్సింది, భగ్గున రేకులకు తగిలింది. ఇంకో చెంబు పోశాను. ఇంకా లేచింది. పైన బొంగు మీది నూలు కొసలు అంటుకున్నాయి. నా అరుపుకు కోడలు ఉరికి వచ్చింది. నన్ను రెక్క పట్టి బయటికి లాగి, తను లోపలికి పోయింది. రెండు బొంగులు నూలుతో సహా లాగి బయట పడేసింది. మూడోది లాగుతుంటే మండే నూలు ఆమె కుడి చెయ్యి మీద పడింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా.

పరుపుల భాయ్ వెనక గోడ దూకి వచ్చాడు. వాళ్ల ఇంటి ముందు కాలువ పనికి తెచ్చిన ఇసుక కుప్ప ఉన్నది. ఆయన కొడుకులూ వాడలోని మగవాళ్లూ తట్టలతో అందిస్తుంటే డబ్బా మీద కుమ్మరించాడు. నేను ఇంకా బకెట్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా చేతిలోంచి బకెట్ గుంజుకున్నాడు.

"నీళ్లాపు అక్కా. నీళ్లకే లేస్తాంది అది, కండ్లకు కనబడ్తలేదా."

డబ్బా ఇసుకలో మునిగాక మంట అణిగింది. భాయ్ గోడకు చెయ్యి పెట్టి చూసుకున్నాడు, వెచ్చబడిందా అని. అవతల ఆయన దూది ఉన్నది. ఆ చెయ్యి అట్లా చాలాసేపు గోడ మీదే ఉంచాడు.

కోడలిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. కొడుకు వచ్చేసరికి సగం నూలు బూడిద. గుమ్మం పక్కన కరెంటు బోర్డు కరిగి కారిపోయి ఉన్నది. దానికి కోడలి ఛార్జరు తీగ వేలాడుతున్నది, నల్లగా. వాడు దాన్ని చూశాడు. ఇంక వేరే ఏమీ చూడలేదు. ఛార్జింగు పెట్టి మర్చిపోయిందనే అనుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు. గుమ్మం దగ్గర ఎదురింటి ఇల్లాలు నిలబడి ఉన్నది. ఆమె చూపు ఛార్జరు మీద లేదు, నా మీద ఉన్నది.

డబ్బా ముందు పొగిలింది కొడుకా అని చెప్పాలి నేను. నోరు తెరిచాను కూడా. డబ్బా ముట్టుకునేది ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే. ముండ చెయ్యి పడ్డది, ఇల్లు కాలింది. ఈ మాట ఆమె పెదాల మీద కాచుకుని ఉన్నట్టు నాకు అనిపించింది. ఆ మాట ఒకసారి వాడలో పడితే ఇక గంగాళం నాది కాదు. షావుకారు నూలు ఇవ్వడు. నేను మళ్లీ మూలన కూర్చుని తిండికి చెయ్యి చాపాలి. నోరు మూసుకున్నాను.

కోడలు కట్టు కట్టించుకుని వచ్చింది. కొడుకు ఆమెతో మాట్లాడలేదు. వచ్చినవాళ్లందరూ చెయ్యి చూసి అయ్యో అని, అంతలోనే సెల్లు మాట ఎత్తేవారు. ఎదురింటామె అయితే, సెల్లుల ముచ్చట్లకు ఇల్లే వేడెక్కిందని నవ్వించింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ రాత్రో మర్నాడో కోడలు నా దగ్గరికి వచ్చి చెప్పింది, మెల్లగా, ఎడమ చేత్తో కట్టును పట్టుకుని.

"స్విచ్చి బంద్ జేసే ఉండె అత్తమ్మా. నాకు మంచిగ యాదికున్నది."

"మర్చిపోయినవేమో బిడ్డా" అన్నాను.

ఈ మాట దగ్గర కోడలు కలం ఆపింది. ఇది తీసేద్దాం అంటున్నది. వద్దు. నోరు మూసుకోవడం ఒక తప్పు. ఇది రెండోది, పెద్దది. తన కళ్లతో చూసినదాన్ని తనే నమ్మకుండా చేశాను ఆ పిల్లను. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ స్విచ్చి మాట ఎత్తలేదు. నిజంగానే మర్చిపోయానేమో అని నాలుగైదు సార్లు ఆ బోర్డు దగ్గరికి పోయి నిలబడడం చూశాను. ఎడమ చేత్తో అన్నం కలుపుకునేది. నేను కలిపి పెడతానంటే వద్దన్నది.

వారం తిరిగేసరికి వాళ్ల అన్న మోటారుసైకిల్ మీద వచ్చాడు. చౌటుప్పల్ దగ్గర మందులు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోసే పని అతనిది. వాళ్ల అమ్మ పంపింది, చెల్లెను తీసుకురమ్మని. అతను గొడవ పడలేదు. మంచినీళ్లు తాగి, కాలిన జాగా ఒకసారి చూస్తానన్నాడు. అక్కడ కాలితో ఇసుక జరిపి డబ్బాను బయటికి లాగాడు. మసిని అరచేత్తో తుడిచాడు. దాని మీద మంట బొమ్మ ఒకటి ఉంటుంది, ఎర్ర గీతల గడి లోపల. నేను రోజూ చూసేదే.

"ఈ బొమ్మ ఎందుకున్నదనుకున్నరు అత్తా" అని అడిగాడు.

"కంపిని గుర్తు గదా బిడ్డా. అగ్గిపెట్టె మీద బొమ్మ ఉన్నట్టు."

అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తమ ఫ్యాక్టరీలో ఈ బొమ్మ ఉన్న డ్రమ్ములకు వేరే గది ఉంటుందని చెప్పాడు. చెమ్మ తగలని గది. తడి చేతి తొడుగులతో అక్కడికి పోనివ్వరట. పక్కన నీళ్ల బకెట్ కాదు, ఇసుక బకెట్లు. రోజూ పని మొదలుపెట్టే ముందు అందరినీ నిలబెట్టి ఇదే చెబుతారట, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలనన్నాడు. ఈ పొడికి కొంచెం తడి తగిలితే చాలు, లోపల లోపలే వేడెక్కుతుందట. వెంటనే కనబడదు. మూత పెట్టి మర్చిపోయాక, గంటల తర్వాత లేస్తుంది. అప్పుడు చెంబుతో నీళ్లు పోస్తే కట్టె వేసినట్టే. పొగ కనబడితే చేతనైతే డబ్బాను బయటికి లాగాలి, లేదంటే పొడి ఇసుక పొయ్యాలి, అదీ కాకపోతే మనుషులు బయటికి రావాలి. "తడి చెంచా పెట్టినా గంతే" అన్నాడు.

గరిటె కళ్ల ముందుకు వచ్చింది. రెండుసార్లు. నిన్నటి దాకా, ఏమో సెల్లుకే అంటుకుందేమో అని నాకు నేను చెప్పుకోవడానికి ఒక సందు ఉండేది. ఇప్పుడు అది మూసుకుపోయింది.

అతను ముందు గదిలోకి వచ్చి చెల్లెను సంచి సర్దుకోమన్నాడు. కొడుకు మగ్గం గుంతలో తల వంచుకుని కూర్చున్నాడు. ఉండమని అనడు, పొమ్మని అనడు. చుట్టం వచ్చాడని తెలిసి ఎదురింటామె అప్పటికే గుమ్మంలో ఉన్నది, చాటంత చెవులు వేసుకుని. కోడలు ఒంటి చేత్తో చీరలు మడతపెడుతున్నది. మడత కుదరడం లేదు. మళ్లీ విప్పి మళ్లీ పెడుతున్నది. ఆ చెయ్యి చూశాక నేనిక ఉండలేకపోయాను.

"సెల్లు గాదు" అన్నాను. "నేనే. తడి గరిటె పెట్టిన డబ్బాల. పొగ ముందుగాల డబ్బాలకెల్లే వచ్చింది, నేను సూసిన. సూసి గూడ చెప్పలే."

కోడలు చీర పట్టుకునే నా వైపు తిరిగింది.

"మరి నాకెందుకు చెప్పలే అత్తమ్మా. నేను అడిగితి గదా."

"ముండ చెయ్యి పడ్డది, గందుకే కాలింది అంటరని."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నన్ను అడ్డం పెట్టుకున్నవు" అన్నది. అంతే. ఆ పిల్ల నన్ను ఏకవచనంలో అన్నది అదొక్కసారే, ఇప్పటికీ.

నేను భయపడిన మాట గుమ్మంలోంచి రానే వచ్చింది. ఎదురింటామె ముక్కు మీద వేలు వేసుకుని, పెద్దలు ఊరికే అంటారా, వద్దన్న చెయ్యి వద్దన్న చోట పెడితే గిట్లనే అయితది అన్నది. వారం రోజులు దేనికోసం ఒకరి పిల్లను బలిపెట్టానో ఆ మాట. తీరా వింటే, ఇంతేనా అనిపించింది. నాకు కోపం కూడా రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకువచ్చాను. మా ఇంట్లో చిన్న పొట్లంలో పాత పొడి కొంచెం మిగిలి ఉన్నది. వీధి నడుమ ఇటుక పెట్టి, దాని మీద పిడికెడు పోయమన్నాను కోడలి అన్నను. అతను మొదట ఒప్పుకోలేదు, ఇది ఆట కాదన్నాడు. తర్వాత తనే తట్టెడు ఇసుక తెచ్చి పక్కన పెట్టుకుని, అందరినీ గాలి వచ్చే వైపున దూరంగా నిలబెట్టి పోశాడు. మీరెవరూ ఇట్లా చెయ్యకండి. ఆ రోజు నాకు వేరే దారి తోచలేదు.

పొడవాటి గరిటెను నీళ్లలో ముంచి ఆమె చేతికి ఇచ్చాను. "నువ్వు పుణ్యస్త్రీవి. నీ చేత్తోని పెట్టు. నేను ముట్ట."

ఆమె నవ్వుతూనే పెట్టింది. నాలుగు చుక్కలు జారాయి. పెట్టి వెనక్కి వచ్చింది. కొంతసేపు ఏమీ కాలేదు. ఆమె గాజులు సవరించుకుంటూ నన్ను చూసింది. నాకే అనుమానం వచ్చింది. అంతలో కుప్ప మధ్యలో కుతకుతమన్నది. పొగ లేచింది. ఆ అగ్గిపుల్ల వాసన వీధంతా కొట్టింది. కోడలి అన్న వెంటనే తట్ట బోర్లించాడు. పరుపుల భాయ్ తన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. పొగకు దగ్గి, తువ్వాలతో ముక్కు తుడుచుకుని, "గిప్పుడు ఎవ్వల చెయ్యి పడ్డదమ్మా" అని అడిగాడు. నలుగురు నవ్వారు. ఆమె నవ్వలేదు. గరిటె కింద పెట్టి ఇంట్లోకి పోయింది.

నేను గెలిచాననుకుంటున్నారేమో. కోడలు సంచి భుజానికి వేసుకుని అన్న వెంట పోయింది. నేను ఆపలేదు. ఏ ముఖంతో ఆపుతాను? కొడుకు వీధి చివరి దాకా బండి వెనక నడిచి, అక్కడే నిలబడిపోయాడు. షావుకారు రెండు నెలలు మాకు నూలు పంపలేదు. పొడి సంగతి తెలిసినా సరే, మనసు ఒప్పుకోవడం లేదన్నాడు. నేను ఇతరుల ఇళ్లకు పోయి నూలు చుట్టాను. చుడుతూ అందరికీ చెప్పాను, డబ్బా ఎక్కడ పెట్టాలో, తడి లేని చేత్తోనే ఎందుకు తియ్యాలో. కొందరు విన్నారు. కొందరు తల ఊపారు.

కొడుకు ఆదివారం ఆదివారం చౌటుప్పల్ పోయి వచ్చేవాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చెయ్యి మానాక ఆమె ఒక్కతే బస్సు దిగి వచ్చింది. రెండు రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కొట్టంలోకి వచ్చి నిలబడింది. వాళ్ల అన్న దగ్గర అన్నీ అడిగి కాగితం మీద రాసుకుని వచ్చింది. డబ్బా తన చేతిలో ఉంటుందన్నది, నేను ముట్టుకోవద్దన్నది. సెల్లు ఛార్జింగు ముందు గదిలోకి మార్పించింది. బోర్డు కొత్తది గోడకు పైన పెట్టించింది. గుమ్మం దగ్గర రెండు బకెట్ల ఇసుక. అన్నింటికీ ఒప్పుకున్నాను.

"నీలం నాకు నేర్పుండ్రి అత్తమ్మా" అన్నది చివరికి. నేర్పాను. ఇప్పుడు పొడి ఆమె తూస్తుంది, గంగాళం నేను తిప్పుతాను. కాలిన మచ్చ ఇంకా ఉన్నది, ఎండకు దురద పెడుతుంది ఆమెకు. క్షమించావా అని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది పాపం ఆ పిల్లకు.

పోయిన వానాకాలం ఎదురింటామె మా గుమ్మంలోకి వచ్చింది. అన్నాళ్లూ నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. జర మా కొట్టం సూసిపొండ్రి అని కోడలినే పిలిచింది. కోడలు నా వైపు చూసి, అత్తమ్మ వస్తేనే వస్తానన్నది. ముగ్గురం వీధి దాటాము. వాళ్ల కొట్టం గడప దగ్గర నేనే ఆగాను. ఆమె అత్త ఇంకా బతికే ఉన్నది, లోపల మంచం మీద. మొగుడు పోయినదాన్ని గడప దాటి ముసలిదాని మనసు ఎందుకు నొప్పించాలి అని ఆగాను. కోడలు లోపల డబ్బా మూత చూస్తున్నది, అడుగున పలక ఉన్నదా అని వంగి చూస్తున్నది. నాకు గడప దగ్గర నుంచి పైన రేకు కనబడింది. మేకు దగ్గర తుప్పు పట్టి చిన్న బెజ్జం. దాని కిందుగా గోడ మీద వేలంత వెడల్పున తడి చార. అది సరిగ్గా డబ్బా వెనక్కి దిగుతున్నది.

"డబ్బా ఎనక సూడుండ్రి" అన్నాను. "పైకెల్లి నీళ్లు దిగుతున్నయి."

ఎదురింటామె పైకి చూసింది, గోడను వేలితో తాకి చూసుకున్నది. కోడలూ ఆమే చెరో పక్క పట్టి డబ్బాను అవతలి మూలకు జరిపారు. మంచం మీది ముసలామె ఎవరది అని అడిగింది. ఎదురింటామె నా పేరు చెప్పింది. గడప దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "గక్కడ నిలబడి ఏం గనబడ్తది అక్కా. లోపలికొచ్చి సక్కగ సూడు."

లోపలికి పోయాను. పొయ్యికి మరీ దగ్గరగా నూలు కట్టలు పేర్చి ఉన్నాయి. వాటిని కూడా జరపమన్నాను.